శ్రీపతి పితృవాచక పరిశోధన

సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్ స్టేషన్లో పొద్దున్నే సిటీ రైలు కోసం నిలబడే మనవాళ్లలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష రానివాణ్ణి పట్టుకోవాలంటే ఆ రోజుల్లో దీపం పెట్టి వెతకాల్సిందే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతిపోయి పంతొమ్మిది వందల నాటికి వెళ్లి కూర్చుంటాయని లోకమంతా గుండెలు బాదుకుంటోంది. ఆ గుండెదడే మనవాళ్లకి వీసా అయింది. సివిల్ ఇంజనీరూ కోబాలే, బోటనీ లెక్చరరూ కోబాలే, ప్రాక్టీసు లేని హోమియో డాక్టరూ కోబాలే. అమీర్‌పేటలో ఆర్నెల్లు బెంచీ మీద కూర్చుని లేచినవాడల్లా సిడ్నీలో దిగాడు. శ్రీపతి కూడా అలాగే దిగాడు. అందులో వింతేమీ లేదు. వింతల్లా దిగకముందు అతను చేస్తున్న పనిలో ఉంది.

ఏలూరులో పుట్టి, హైదరాబాదులో జర్మన్ ఎమ్మే చదివి, పీహెచ్‌డీకి కూర్చున్నాడు మహానుభావుడు. ఆ పరిశోధన దేనిమీదయ్యా అంటే, జర్మానిక్ మాండలికాల్లో తండ్రిని ఏమని పిలుస్తారు, ఆ మాటలు ఎక్కడ పుట్టాయి అని. తినడానికా, పెట్టుకోడానికా? పెళ్లిచూపులకి తెనాలి వెళ్లినప్పుడు పిల్ల తండ్రి రామానుజం గారు కూడా సరిగ్గా అదే అడిగారు. ఆయన కోర్టులో జీవితమంతా ప్లీడరు గుమాస్తాగా చేసిన మనిషి. అడగడమే తడవు శ్రీపతికి ఎక్కడలేని ఉత్సాహం పుట్టుకొచ్చింది.

"ఇంగ్లీషువాడి ఫాదర్, జర్మన్‌వాడి ఫాటర్, డచ్చివాడి వాడర్, మన పితృ, ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలేనండి. మన 'ప' అక్కడికి వెళ్లి 'ఫ' అయింది. స్వీడన్‌వాడికి అంత మాట అనే ఓపిక లేక 'ఫార్' అని ఊరుకున్నాడు. ఇవి పద్ధతి గల మాటలు. ఇంకో రకం ఉన్నాయి. పూర్వం గోతులని ఒక జాతి ఉండేది. వాళ్లు తండ్రిని 'అత్తా' అనేవాళ్లు."

తలుపు వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్విన పిల్లే శేషుకుమారి, పెళ్లికూతురు.

శ్రీపతి ఆగలేదు. "స్విస్ కొండల్లో ఇప్పటికీ 'ఎత్తి' అంటారు. తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో 'తాతె'. ఇవి ఎవరో నేర్పిన మాటలు కావండి. ఉయ్యాల్లో పిల్ల ఏదో ఒకటి కూస్తుంది. పక్కన నిలబడ్డ మగాడు 'అదుగో, నన్నే పిలిచింది' అంటాడు. అంతే, మాట పుట్టింది! తండ్రి అనేవాడు లోకంలో మొట్టమొదటి కబ్జాదారు. పిల్ల నోట ఎవరికి మాట వస్తే వాడిదే హక్కు. పనిగట్టుకుని నేర్పించామా, అది చచ్చిన మాట."

రామానుజం గారికి ఇందులో కబ్జా, హక్కు అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు. ఆ రెండూ మాత్రం భద్రంగా దాచుకున్నారు. కుర్రాడు పిచ్చివాడైనా మంచివాడే అనిపించి పిల్లనిచ్చారు.

పీహెచ్‌డీ పూర్తి కాలేదు. ఎందుకంటే ఫ్రీసియన్లని ఇంకో జాతి ఉంది, హాలెండు ఉత్తరాన. చుట్టుపక్కల అందరూ వాడర్, ఫాటర్ అని బుద్ధిగా పిలుస్తుంటే వీళ్లు తండ్రిని 'హైట్' అంటారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఆ మాట ఎక్కడిదో పండితులకే తేలలేదు. "ఏదో ఒకటి రాసి సంతకం పెట్టించుకోవయ్యా" అని గైడు బతిమాలాడు. "రుజువు లేకుండా ఒక్క మాట రాయను సార్" అన్నాడు శ్రీపతి. గైడు రిటైరయ్యాడు, స్కాలర్‌షిప్పు ఆగింది, ఇంట్లో శేషుకుమారికి నెలలు నిండాయి. అప్పుడు బుద్ధొచ్చి అమీర్‌పేట వెళ్లాడు.

కూతురు చైత్రకి ఐదో నెల నడుస్తుండగా వీసా వచ్చింది. తల్లీపిల్లల్ని తెనాలిలో దింపి ఒక్కడే విమానమెక్కాడు. ఉద్యోగం కుదురుకున్నాక తీసుకొస్తానన్నాడు. కుదురుకునేసరికి ఏడాదిన్నర పట్టింది. ప్రతి ఆదివారం ఫోన్ కార్డు గీకి భార్యని అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"ఏమైనా కూసిందా?"

"తా తా అంటోంది, బా బా అంటోంది, ఇవాళ పొద్దున గడపని చూసి అత్తా అంది."

"అత్తా అందా! ఏ వేళప్పుడు? నువ్వేమైనా నేర్పావా? కొంపదీసి నేర్పకు! రాసిపెట్టు."

"అంట్లు తోముకోనా, రాసిపెట్టనా? గోతులు తండ్రిని అత్తా అనే కదూ నాశనమైపోయారు? ఫోన్ పెట్టేయండి, బిల్లవుతుంది."

శేషుకుమారి మాట కాస్త పదునే కానీ మనసు వెన్న. ఆవిడ తప్పు ఇందులో ఇసుమంత లేదు. తప్పు ఎక్కడ జరిగిందంటే, తెనాలి ఇంట్లో పెద్దాయన్ని అందరూ నాన్నా అనే పిలుస్తారు. కూతురు నాన్నా, కొడుకులు నాన్నా, కోడలు నాన్నా, ఆఖరికి పాలుపోసే అమ్మాయి కూడా నాన్నగారూ అనే. ఆ ఇంట్లో మాటలొచ్చిన పిల్ల ఆ మీసాల పెద్దాయన్ని ఇంకేమంటుంది? నాన్న అంది. అందరూ మురిసిపోయారు. మన ఇళ్లలో ఇది కొత్తా? తాతని నాన్న అనే పిల్లలూ, కన్నతండ్రిని బాబాయ్ అనే పిల్లలూ వీధికి నలుగురుంటారు. ఉమ్మడి కుటుంబంలో అయితే అందరూ నవ్వేసి ఊరుకుంటారు.

చివరికి తల్లీపిల్లలు సిడ్నీ వచ్చారు. ఎయిర్‌పోర్టులో జనం మధ్య నిలబడి పూలగుత్తి ఊపుతున్న మొగుణ్ణి చూసి శేషుకుమారి ట్రాలీ వదిలేసి, "ఏమండీ! ఏమండీ! ఇటు!" అని కేకేసింది. చంకలో ఉన్న రెండేళ్ల పిల్ల ఆ కొత్త మనిషిని తేరిపార చూసి, వేలు చాపి, "ఏమండీ!" అంది.

ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఆ రోజు నవ్వు వచ్చింది మరి.

తర్వాత చూస్తే ఆ పిలుపు జిగురులా పట్టుకుంది. బ్లాక్‌టౌన్‌లో వాళ్లున్న అద్దింట్లో శ్రీపతిని పిలిచే మనిషి శేషుకుమారి ఒక్కతే. ఆవిడ మొగుడి పేరు నోటితో పలకదు, పూర్వకాలపు పెంపకం. ఆవిడ పిలిచేది ఏమండీ అని. ఆ పిల్ల చెవిన ఇంకో పిలుపు పడే దారేది? "ఏమండీ, నీళ్లు." "ఏమండీ, బొమ్మ పడిపోయింది." "ఏమండీ, ఎత్తుకో." వింటున్న శ్రీపతికి దిద్దాలని నోటిదాకా వచ్చేది. కానీ సిద్ధాంతం ఒకటుంది కదా, నేర్పిస్తే చచ్చిన మాట అని! అందుకని దిద్దకుండా ఏడాది ఓపిక పట్టాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు.

అతని పక్క సీట్లో పనిచేసే గియాసుద్దీన్‌ది గుంటూరు. ఒకే రైలు, ఒకే టిఫిన్ వేళ, ఒకే ఇన్సూరెన్సు కంపెనీ కోడు. సంవత్సరానికి రెండంకెలు వాడిన చోటల్లా నాలుగంకెలు పెట్టుకుంటూ పోవడం ఇద్దరి ఉద్యోగం. గియాసుద్దీన్ కూతురు అఫీఫా చైత్ర ఈడుదే. అది వీధి చివర తండ్రి కారు మలుపు తిరగ్గానే "అబ్బా!" అని కేక పెడితే కంచెల మీది మాగ్‌పై పిట్టలు లేచిపోతాయి. ఆ కేక విన్నప్పుడల్లా శ్రీపతి మొహం మాడిపోయేది. ఆ సంగతి కనిపెట్టి గియాసుద్దీన్ మరీ ఆటపట్టించేవాడు.

"ఏమండీ గారూ, టీకి వెళ్దామా?"

"నోరు ముయ్యవయ్యా."

"ముప్ఫై భాషల్లో నాన్న ఏందో చెప్పగలవు. ఇంట్లో ఒక్క భాషలో అనిపించుకోలేకపోయావ్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు శ్రీపతీ."

అసలు బాధ ఆ ఎగతాళి కూడా కాదు. శ్రీపతికి ఆ మాట కావాలి. తన వెనకనుంచి చిన్న గొంతు నాన్నా అంటే వెనక్కి తిరగాలని ఉంది. ఏళ్ల తరబడి ప్రపంచంలోని పిల్లలందరూ వాళ్ల తండ్రుల్ని ఎలా పిలుస్తారో ఏరుకుని కూర్చున్న మనిషికి, తన వంతు వచ్చేసరికి సరుకు అయిపోయింది. అంతకంటే అన్యాయం ఉంటుందా? ఏడుపొచ్చేది అతనికి. అయినా కోబాల్‌వాడు ఏడిస్తే ఎవరు చూస్తారు?

ఒక శనివారం సిద్ధాంతం కట్టగట్టి అటక మీద పడేసి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"చిట్టితల్లీ, నేను ఎవరిని?"

"ఏమండీ."

"కాదమ్మా. నేను నాన్నని. నాన్న."

ఆ పిల్ల తండ్రిని జాలిగా చూసింది. "నో. నాన్న ఇన్ తెనాలి. నాన్నకి మీసం ఉంది."

"నేనూ పెంచుతాను."

"యూ ఆర్ ఏమండీ" అని తేల్చి చెప్పి, ట్రైసికిల్ ఎక్కి వెళ్లిపోయింది. ఒక మనిషికి ఒక మాట, ఒక మాటకి ఒక మనిషి. ఆ లెక్కలో తప్పు పట్టడానికి శ్రీపతికే దారి దొరకలేదు.

ఇంతలో పక్కింట్లోకి సీబ్రెన్ అనే ముసలాయన దిగాడు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, చెయ్యెత్తు మనిషి. ఆదివారం మధ్యాహ్నం బట్టలారేస్తున్న శ్రీపతికి కంచె అవతలనుంచి ఆయన పెద్ద కూతురి గొంతు వినపడింది. "హైట్! టీ!"

శ్రీపతి చేతిలోని తడి లుంగీ గడ్డిలో పడింది. ఒక్క గెంతులో కంచె దగ్గరికి వెళ్లి, మీరు ఫ్రీసియన్లా, నిజంగా ఫ్రీసియన్లా అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తన జన్మలో ఫ్రీసియనా అని అడిగి ఇంత సంతోషపడ్డ మనిషి తగల్లేదని సీబ్రెన్ తర్వాత కూతురికి చెప్పుకున్నాడట. ఆయన టీకి పిలిచాడు. శ్రీపతి పిల్లని చంకనేసుకుని వెళ్లాడు. ఆ హైట్ అన్న మాట ఎక్కడినుంచి పుట్టిందండీ అని భక్తిగా అడిగాడు.

సీబ్రెన్ బిస్కెట్టు టీలో ముంచి బాగా ఆలోచించాడు. "ఎక్కడినుంచి పుడుతుంది? వంటింట్లోంచి పుడుతుంది. మా ఆవిడ నన్ను పేరుతో పిలవడం పిల్లలు పుట్టిన రోజే మానేసింది. హైట్ ఇలా రా, హైట్ చెత్తబుట్ట బయట పెట్టు, అంతే. అది విని పిల్లలూ అన్నారు."

శ్రీపతికి కళ్లు తెరుచుకున్నాయి. పండితులంతా ఉయ్యాల దగ్గర నిలబడి చెవులు రిక్కిస్తుంటే, అసలు మాట పొయ్యి దగ్గర వండుతున్నారన్నమాట! ఇంటికి పరిగెత్తాలని లేచాడు. సరిగ్గా అప్పుడే చైత్ర ముసలాయన మోకాలు తట్టి, బిస్కెట్టు చూపించి, "హైట్, వన్ మోర్" అంది.

పీహెచ్‌డీ ఆపేసిన మాట అది. సొంత కూతురి నోటినుంచి, పక్కింటాయనకి! రామానుజం గారికి నాన్న, సీబ్రెన్‌కి హైట్, కన్నవాడికి ఏమండీ. శ్రీపతి ఆ టీ ఎలా మింగాడో అతనికే తెలియదు.

ఇంటికి రాగానే భార్యని నిలదీశాడు. "శేషూ, ఇవాళ్టినుంచి నువ్వు నన్ను నాన్నా అని పిలవాలి."

చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది ఆవిడకి. "ఏవిటీ?"

"పిల్ల నిన్ను చూసే నేర్చుకుంటుంది. సైన్సు."

"మీ సైన్సు తగలెయ్య! మొగుణ్ణి పట్టుకుని నాన్నా అంటానా? మా నాన్న అక్కడ నిక్షేపంలా ఉండగా? నలుగురూ వింటే నా మొహాన ఉమ్మేస్తారు. కావాలంటే పిల్ల దగ్గర 'మీ నాన్నగారు' అంటాను. అంతకంటే ఒక్క మెట్టు దిగను."

అన్న మాట ప్రకారం ఆవిడ అంది. "చైత్రా, మీ నాన్నగారిని అన్నానికి పిలువు" అంటే, ఆ పిల్ల తిన్నగా ఫోన్ దగ్గరికి వెళ్లి రిసీవరు ఎత్తి, "నాన్నా, అన్నం!" అంది. నాన్న అనేవాడు ఆ ఫోనులో ఉంటాడని దాని లెక్క. శేషుకుమారి నవ్వలేక పొట్ట పట్టుకుంది. శ్రీపతి ఆ పూట సరిగ్గా తినలేదు.

ఇక మిగిలింది తెనాలి. ఆదివారం కొత్త కార్డు గీకాడు.

"మావయ్యగారూ, చిన్న మనవి. చైత్ర మిమ్మల్ని నాన్న అంటోంది కదండీ."

"అంటోంది బాబూ. ఫోన్లో కూడా ఎంత స్పష్టంగా అంటుందో!"

"దాన్ని తాతయ్య అని మారిస్తే..."

"ఎవరు మార్చాలి?"

"తమరే."

అవతల పెద్దాయన గొంతు సవరించుకున్నారు. "అల్లుడుగారూ, పెళ్లిచూపులనాడు తమరే సెలవిచ్చారు. పిల్ల నోట ఎవరికి మాట వస్తే వాడిదే హక్కు, నేర్పిస్తే చచ్చిన మాట అని. ఆ వేళ సాక్షులు కూడా ఉన్నారు."

"అది జర్మన్ల గురించండీ!"

"చట్టం అందరికీ ఒకటే. పైగా రెండేళ్లు నా అనుభవంలో ఉన్న ఆస్తి. ఉన్నపళాన ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోను?" అని ఆయన ముసిముసిగా నవ్వుతుండగా కార్డులో నిమిషాలు అయిపోయాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు మరి.

ఆగస్టు చివర ప్రీస్కూల్‌నుంచి కబురొచ్చింది. ఆ దేశంలో ఫాదర్స్ డే సెప్టెంబరులో. దానికి ముందు శుక్రవారం తండ్రులందరికీ స్కూల్లో టిఫిను. పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఇంట్లో తండ్రిని ఏమని పిలుస్తారో చెప్పాలి. టీచరు మిస్ కర్స్టీ ఆ మాటలన్నీ గోడమీద పెద్ద కాగితంపై రాస్తుంది. అన్ని దేశాలవాళ్లూ ఉన్న స్కూలు కదా, ముచ్చటగా ఉంటుందని ఆవిడ ఉద్దేశం.

శ్రీపతికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ స్కూల్లో సగంమంది మనవాళ్ల పిల్లలే. గుంటూరు, విజయవాడ, నెల్లూరు, వరంగల్లు, అందరూ ఆడవాళ్లతో సహా దిగుతారు. ఆ నిండు సభలో మూడేళ్ల పిల్ల తండ్రిని పట్టుకుని ఏమండీ అంటే, పెళ్లాం పిలిచే పిలుపు అది, ఇంకేమైనా ఉందా? రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లు ఆగిపోయినా బ్లాక్‌టౌన్‌లో ఆ నవ్వు ఆగదు. పోనీ నవ్వుకోనీ. ఆ రోజైనా, అందరి ఎదుటైనా, ఒక్కసారి నాన్న అనిపించుకోవాలి. ఇంకేమీ అక్కర్లేదు అనుకున్నాడు.

లంచానికి దిగాడు. కప్ప బొమ్మ చాక్లెట్లు డబ్బా కొన్నాడు. మిస్ కర్స్టీ అడిగినట్టు తనే అడిగేవాడు. "హూ ఈజ్ దిస్?" నాన్న అంటే ఒక కప్ప. పొద్దున రైలెక్కేముందు ఒకటి, సాయంత్రం వచ్చాక ఒకటి. వారం తిరిగేసరికి పిల్ల చిలకలా పలికేస్తోంది.

"హూ ఈజ్ దిస్?"

"నాన్న!"

"శభాష్!"

కప్ప నోట్లో వేసుకుని, మూతి తుడుచుకుని, "ఏమండీ, ఇంకోటి" అనేది. అయినా శ్రీపతికి ధైర్యం వచ్చింది. స్టేజీ మీద ఒక్క మాట చాలు. గురువారం నాడు గియాసుద్దీన్‌తో కాలరెగరేసి చెప్పాడు, "రేపు చూడు."

"చూస్తాలే. నేను కెమెరా తెస్తున్నా" అన్నాడు గియాసుద్దీన్.

శుక్రవారం ఆ గదిలో తండ్రులంతా మోకాళ్లు గడ్డానికి తగిలేలా చిన్నచిన్న కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. బయట సాసేజీలు కాలుతున్నాయి. శాకాహారులకి ఉల్లిపాయలూ రొట్టే గతి. అఫీఫా వెళ్లి "అబ్బా!" అంది, అద్దాలు అదిరాయి. ఒక డచ్చి పిల్ల నసిగి నసిగి "వాడర్" అంది. ఇంకొకడు "డ్యాడ్" అని సిగ్గుపడ్డాడు. మిస్ కర్స్టీ అన్నీ రంగురంగుల్లో రాస్తోంది. చైత్ర వంతు వచ్చింది. కొత్త గౌనేసుకుని వెళ్లి పీట ఎక్కింది.

"చైత్రా, హూ ఈజ్ దిస్?" మిస్ కర్స్టీ శ్రీపతి వైపు చెయ్యి చూపించింది.

పిల్ల నోరు తెరిచింది. ఎదురుగా అన్ని మొహాలు. ఎవరి కెమెరాదో వెలుగు తళుక్కుమంది. చిలకా లేదు, పలుకూ లేదు. కళ్లు పెద్దవయ్యాయి. గది మొత్తంలో తెలిసిన మొహం కోసం వెతికి, శ్రీపతిని పట్టుకుని, చేతులు చాచి, ఉన్న గొంతంతా పెట్టి కేకేసింది.

"ఏమండీ!"

మనవాళ్లు గొల్లుమన్నారు. నెల్లూరావిడ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. వరంగల్లాయన కుర్చీతో సహా వెనక్కి పడబోయాడు. శేషుకుమారి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. తెల్లవాళ్లకి ఏమీ అర్థంకాక వాళ్లూ మర్యాదకి నవ్వారు. ఆ నవ్వులన్నీ తన మీదేనని చైత్రకి తెలిసిపోయింది. కింది పెదవి వణకడం మొదలుపెట్టింది. తనేదో తప్పు చేసిందని అర్థమైంది కానీ ఏం తప్పో తెలియదు పాపం.

మిస్ కర్స్టీ మార్కరు పట్టుకుని శ్రీపతి వైపు తిరిగింది. "ఎంత అందమైన మాట! మీ భాషలో తండ్రి అంటే అదేనా?"

అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. కాదండీ, నాన్న అనాలి, మా పిల్ల తప్పు చెప్పింది అంటే ఒక్క ముక్కలో అయిపోయేది. కాగితం మీద అతను కోరుకున్న మాట ఎక్కేది. అతను లేచి నిలబడ్డాడు. మిస్ కర్స్టీని చూడలేదు. పీట మీది ఆ పెదవినే చూశాడు.

"అదేనండి" అన్నాడు.

అన్నాక ఆగలేదు. రుజువు లేకుండా ఒక్క మాట రాయనని పీహెచ్‌డీ వదులుకున్న మనిషి, ఆ పొద్దున నోటికొచ్చిన అబద్ధాలన్నీ శాస్త్రం చేసి పారేశాడు. తండ్రి పదాలు రెండు రకాలన్నాడు. ఫాదర్, ఫాటర్, వాడర్ ఒక రకం, పాత గోతుల అత్తా, స్విస్ ఎత్తి ఇంకో రకం అన్నాడు. ఫ్రీసియన్ల హైట్ ఎవరికీ అందనిదన్నాడు. "తెలుగులో అంతకంటే ప్రాచీనమైన, అత్యంత గౌరవనీయమైన పితృవాచకం ఏమండీ. దీని మీద నేను కొన్నేళ్లు పరిశోధన చేశాను" అన్నాడు, కన్నార్పకుండా.

మనవాళ్లలో ఒక్కరు తుమ్మినా కొంప మునిగేది. గియాసుద్దీన్ కెమెరా ఒళ్లో పెట్టుకుని గంభీరంగా లేచాడు. "కరెక్టేనండి మేడమ్. మా గుంటూరు జిల్లా మొత్తం అదే అంటారు." నెల్లూరావిడ ముక్కు తుడుచుకుంటూ, "మా వైపు కూడా" అంది.

మిస్ కర్స్టీ ఎర్ర రంగుతో పెద్దగా రాసింది. చైత్ర పెదవి కుదుటపడింది. టీచరు మోకాళ్ల మీద కూర్చుని, "మరి మీ ఏమండీ ఏం చేస్తాడు చైత్రా?" అని అడిగింది. మా డాడ్ ట్రక్కు నడుపుతాడు, మా అబ్బా కంప్యూటరు చేస్తాడు అని మిగతా పిల్లలు జవాబు చెప్పిన ప్రశ్నే.

చైత్ర ఆలోచించింది. "యూ సే ఏమండీ" అంది, "అండ్ హీ కమ్స్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. శ్రీపతి ఆ చిన్న కుర్చీలో కూలబడ్డాడు. ఏడాదిన్నరపాటు తెనాలిలో ఆ పిల్ల రాత్రనక పగలనక ఎవర్ని పిలిచి ఉంటుంది? ఎవరు పలికారో వాళ్లే నాన్న అయ్యారు. పలకనివాడికి మాట ఎక్కడినుంచి వస్తుంది? అతను ఏడిచాడు, ఉల్లిపాయల పొగ అని చెప్పుకున్నాడు.

బయటికొస్తుంటే ట్రక్కు నడిపే తండ్రి భుజం తట్టి, "సీ యా, ఏమండీ" అన్నాడు. మనవాళ్ల ఆడవాళ్లు ఇంకోసారి చున్నీలు నోట్లో కుక్కుకున్నారు.

కారు మెయిన్ రోడ్డెక్కాక శేషుకుమారి అంది. "ఉన్న ఒక్క పిలుపూ ఊరందరికీ దానం చేసేశారు. ఇక నేను మిమ్మల్ని ఏమని పిలవాలట?"

"పేరు పెట్టి పిలువు. ఇక్కడ అందరూ అదే."

ఆవిడ గుండె దిటవు చేసుకుని నోరు తెరిచింది. "శ్రీ..." అంది. అక్కడే ఆగి చెంపలేసుకుని నవ్వింది. "నా వల్ల కాదు బాబూ."

వెనక సీట్లోంచి కేక వినపడింది. "ఏమండీ! షూ పడిపోయింది!"

అద్దంలో చూస్తే ఒక కాలికి బూటు లేదు. ఇల్లు రెండు వీధుల దూరంలోనే ఉంది. ఆఫీసులో పదింటికి మీటింగుంది. శ్రీపతి ఇండికేటరు వేసి, కారు పక్కకి తీసి ఆపాడు. దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, వెనక తలుపు తీశాడు.

"వచ్చాను" అన్నాడు.